ఆరుగురికి ఒక్క కంప్యూటర్: విండోస్‌లో విడి అకౌంట్లు, ఫ్యామిలీ సేఫ్టీ నాలుగు నెలలు వాడాక నా మాట

మా ఇల్లు మల్కాజిగిరిలో. ఇంట్లో ఆరుగురం ఉంటాం, కంప్యూటర్ మాత్రం ఒక్కటే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది చూడండి, అందరూ సీటీసీ అంటారు, 2022లో అక్కడ పార్టులు కొని అసెంబుల్ చేయించాం. హాల్లో కిటికీ పక్కన టేబుల్ మీద ఉంటుంది. పొద్దున అత్తయ్య ప్రవచనాలు వింటారు, చిక్కడపల్లి లైబ్రరీ నుంచి వచ్చాక మరిది గ్రూప్-2 నోట్స్ టైప్ చేసుకుంటాడు, సాయంత్రం మా పాప ఎప్‌సెట్ మాక్ టెస్టులు రాస్తుంది, ఆ తర్వాత ఎనిమిదో తరగతి చదివే బాబు గేములు. రాత్రి వంటిల్లు సర్దేశాక నేను కూర్చుని కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, నెలవారీ లెక్కలు చూసుకుంటాను. మావారు రైలు టికెట్లకి తప్ప దాని దగ్గరికి పెద్దగా రారు. ఇంతమందికీ ఇన్నాళ్లూ ఒకటే లాగిన్, పిన్ 1234. ఎవరు లేస్తే ఇంకొకరు కూర్చునేవాళ్లం, అంతే.

ఆ మధ్య కార్డు స్టేట్‌మెంట్‌లో 799, 799, 1,599 అని మూడు ఖర్చులు కనిపించాయి. మొత్తం 3,197 రూపాయలు. మావారు నేనేదో కొన్నాననుకున్నారు, నేను ఆయన కొన్నారనుకున్నాను. ఎవరూ కాదని తేలాక ఇద్దరికీ టెన్షన్ పట్టుకుంది, కార్డు ఎవరో కొట్టేశారని బ్లాక్ చేయించడానికి ఫోన్ కూడా చేతిలోకి తీసుకున్నాం. అప్పుడు బాబు ముఖం చూశాను. అడగ్గానే ఏడ్చేశాడు. గేమ్‌లో కాయిన్లు కొన్నాడట.

కొన్నది సరే, ఎలా కట్టావు నాన్నా అంటే, పక్కన కూర్చోబెట్టుకుని చూపించాడు. నాకు చేతులు చల్లబడింది అక్కడే. కొనే బటన్ నొక్కగానే బ్రౌజర్ మావారి కార్డు చివరి నాలుగంకెలు చూపించి "ఇదేనా" అంది. ఒక్క క్లిక్‌తో నంబర్ మొత్తం నిండింది. కార్డు వెనకాల ఉండే మూడంకెల సీవీవీ కూడా ఎప్పుడో సేవ్ అయి ఉంది, అదీ నిండింది. ఇంక మిగిలింది ఓటీపీ. అది మావారి ఫోన్‌కి వస్తుంది కదా అనుకుంటాం. కానీ ఫోన్ మెసేజ్‌లు కంప్యూటర్‌లో కనిపించే సదుపాయం ఆయన ఒకసారి ఏదో పని మీద ఆన్ చేసి మర్చిపోయారు, కాబట్టి ఓటీపీ స్క్రీన్ మీద కుడివైపు కింద మూలన దానంతట అదే వచ్చి నిలబడింది. "అదే వచ్చిందమ్మా, నేను చూసి కొట్టాను" అన్నాడు వాడు. అబద్ధం కాదు. కార్డు, సీవీవీ, ఓటీపీ, మూడు తాళంచెవులూ ఒకే గుత్తికి వేసి ఆ గుత్తిని హాల్లో మేకుకి తగిలించింది మేమే.

గేమ్ వాళ్లకి రాస్తే వాడేసిన కాయిన్లకి డబ్బు వెనక్కి రాదన్నారు. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఓటీపీ సరిగ్గానే పడింది కదండీ అన్నారు, వాళ్లు అనేదాంట్లోనూ తప్పు లేదు. రిజర్వ్ బ్యాంక్ 2017లో ఇచ్చిన నియమాల ప్రకారం మన నిర్లక్ష్యం వల్ల వివరాలు బయటపడితే, బ్యాంకుకి చెప్పేంతవరకూ జరిగిన నష్టం మనదే. బయటివాళ్ల మోసమైతే సంగతి వేరు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మాది మోసం కాదు. డబ్బు పోయింది, వదిలేశాం. బాబుని కొట్టలేదు. తిట్టాను, అది కూడా రాత్రికి బాధేసింది.

తెలిసినవాళ్ల ద్వారా ఒక టెక్నీషియన్‌ని పిలిపించాం. ఎవరో, ఏ షాపో చెప్పను. 1,500 తీసుకుని సెక్యూరిటీ ప్యాకేజీ అని ఏదో వేశాడు, గంటలో వెళ్లిపోయాడు. తర్వాత నేను నెమ్మదిగా చూస్తే ఆరుగురికీ అకౌంట్లు చేసిన మాట నిజమే గానీ ఆరూ అడ్మినిస్ట్రేటర్లే, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చేయగలిగే అకౌంట్లే, ఆరింటికీ పిన్ ఒకటే. పైగా దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ ఒకటి, కంప్యూటర్ ఆన్ అవ్వగానే తెరుచుకునేలా పెట్టి వెళ్లాడు. ఏదైనా సమస్య వస్తే అక్కడి నుంచే చూస్తానమ్మా అన్నది ఇదన్నమాట. అది చూశాక ఇంక ఎవరినీ పిలవకూడదనుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మరిదిని పక్కన పెట్టుకుని మొత్తం నేనే చేశాను. సుమారు మూడు గంటలు పట్టింది. పైసా ఖర్చు లేదు, ఎందుకంటే కావలసినవన్నీ విండోస్ 11లో ముందే ఉన్నాయి. ఆ మూడు గంటల పని నాలుగు నెలల్లో ఎలా నిలబడిందో చెప్పడానికే ఈ రివ్యూ.

అన్నిటికన్నా పనికొచ్చింది విడి అకౌంట్లు. సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్తే అదర్ యూజర్స్ అని ఉంటుంది, అక్కడ కొత్త అకౌంట్ చేస్తే అది మామూలుగా స్టాండర్డ్ యూజర్‌గానే వస్తుంది. స్టాండర్డ్ అంటే తన పని తాను చేసుకోవచ్చు, కానీ మొత్తం కంప్యూటర్‌ని మార్చే పని, అంటే అందరికీ వర్తించే సాఫ్ట్‌వేర్ వేయడం, తేదీ, టైమ్ మార్చడం, ఇంకొకరి పాస్‌వర్డ్ తీసేయడం లాంటివి చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఆరుగురివీ స్టాండర్డ్ అకౌంట్లే, నాదీ మావారిదీ కూడా. అడ్మిన్ అనేది ఏడో అకౌంట్, దాంట్లో ఎవరూ రోజువారీ కూర్చోరు. ఈ ఒక్క మార్పు చేస్తే చాలు, మిగతావన్నీ దీని మీదే నిలబడతాయి. ఇది చేయకుండా ఎంత ఖరీదైన యాంటీవైరస్ కొన్నా మా బాబు చేసిన పనిని అది ఆపేది కాదు, ఎందుకంటే దాని లెక్కలో అక్కడ వైరస్ ఏమీ లేదు, ఇంటి మనిషి మామూలుగా కొన్నాడు.

ఒక హెచ్చరిక. స్టాండర్డ్ అకౌంట్ ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ వేయలేరనుకోకండి. కొన్ని బ్రౌజర్లు, కొన్ని గేములు ఆ మనిషి ఫోల్డర్‌లోనే ఇన్‌స్టాల్ అయిపోతాయి, వాటికి అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. మిగతా ఐదుగురి సరుకు మాత్రం వాటికి దొరకదు, నాకు అది చాలు.

పని చేస్తుంటే మా పాప వెనకాల నిలబడి, "అంటే అడ్మిన్ ఉన్నవాళ్లకి అందరి ఫోల్డర్లూ తెరుచుకుంటాయా అమ్మా?" అని అడిగింది. తెరుచుకుంటాయి, దాచడం ఎందుకు. పదిహేడేళ్ల పిల్లకి తన డైరీలాంటి ఫైళ్లు అమ్మ చూస్తుందేమోనన్న బెంగ ఉంటుంది, ఉండాలి కూడా. అందుకని అడ్మిన్ పాస్‌వర్డ్‌ని రెండు ముక్కలు చేశాం. మొదటి ముక్క నాకే తెలుసు, రెండోది మావారికే తెలుసు. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే ఇద్దరం టేబుల్ దగ్గరికి రావాలి. మొత్తం పాస్‌వర్డ్ ఒక కాగితం మీద రాసి కవర్ అంటించి, దాని మీద ఇద్దరం సంతకం పెట్టి బీరువాలో పట్టుచీరల కింద పెట్టాం. మావారు క్యాంపుకి వెళ్లినప్పుడు ప్రింటర్ డ్రైవర్ కోసం రెండు రోజులు ఆగాల్సి వచ్చింది, ఆ ఇబ్బంది నిజమే, కానీ పాప మాత్రం ఆ రోజు నుంచి నిశ్చింతగా ఉంది.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి, డీ డ్రైవ్. మన అసెంబుల్డ్ కంప్యూటర్లకి షాపువాళ్లు సీ, డీ, ఈ అని భాగాలు చేసి ఇస్తారు, మనం ముఖ్యమైనవన్నీ డీలో పెడతాం, విండోస్ పాడైనా అవి పోవని. విడి అకౌంట్లు చేశాక సీ డ్రైవ్‌లో ఎవరి ఫోల్డర్ వాళ్లకే, ఇంకొకరు తెరవబోతే అనుమతి లేదంటుంది. డీకి ఆ కాపలా లేదు. మామూలుగా వదిలేస్తే ఎవరు లాగిన్ అయినా డీలో ఉన్నవి చదవచ్చు, మార్చచ్చు, తీసేయచ్చు. నేను బాబు అకౌంట్‌లోంచి డీ తెరిచి చూస్తే మా ఆధార్లు, పాన్ కార్డులు, ఇంటి రిజిస్ట్రేషన్ స్కాన్లు, వీటన్నిటి మధ్యలో మావారి డెబిట్ కార్డు రెండు వైపులా తీసిన ఫోటో. ఎప్పుడో ఫోన్‌లోంచి ఫోటోలు కాపీ చేసినప్పుడు వచ్చి చేరింది. ఆ ఫోటో వెంటనే తీసేశాను, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. మిగతా కాగితాలు నా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి మార్చి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టాను. మీరు మొత్తం చదవకపోయినా సరే, లేచి వెళ్లి మీ డీ డ్రైవ్ ఒకసారి తెరిచి చూడండి.

బ్రౌజర్ సంగతి. మేం వాడేది క్రోమ్. దాంట్లో పైన బొమ్మ నొక్కి తలా ఒక ప్రొఫైల్ పెట్టుకోవచ్చు కాబట్టి అది చాలని చాలామంది అనుకుంటారు, మా మరిదీ అదే అన్నాడు, "వదినా, ప్రొఫైల్స్ పెడితే సరిపోతుంది కదా, ఇంత హడావుడి ఎందుకు" అని. సరిపోదు. ప్రొఫైళ్లు ఎవరి బుక్‌మార్కులు వాళ్లవి కలవకుండా చూస్తాయి, అంతే, వాటికి తాళం ఉండదు. ఒకే విండోస్ లాగిన్ కింద ఉన్న ప్రొఫైళ్లన్నీ అక్కడ కూర్చున్న ఎవరైనా తెరవచ్చు. గదికి కర్టెన్ వేసినట్టు.

క్రోమ్‌లో పేమెంట్ మెథడ్స్ అని ఒక పేజీ ఉంటుంది. పాత ఉమ్మడి అకౌంట్‌లో అక్కడికి వెళ్లి కార్డులన్నీ తీసేశాను. కార్డు గూగుల్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటే కంప్యూటర్‌లోంచి తీస్తే చాలదు, గూగుల్ పేమెంట్స్‌లోకి వెళ్లి అక్కడా తీయాలి. కార్డులు, సీవీవీలు సేవ్ చేసే స్విచ్‌లు ఆపేశాను. మావారికి నంబర్ ప్రతిసారీ కొట్టడం విసుగు, ఆయన అకౌంట్‌లో ఒక కార్డు ఉంచుకుంటానన్నారు. సరే, అక్కడ కార్డు నింపే ముందు ప్రతిసారీ విండోస్ పిన్ అడిగేలా పెట్టాం. ఇదే సెట్టింగ్ పాత పద్ధతిలో పెట్టి ఉంటే పైసా ఉపయోగం ఉండేది కాదు, పిన్ 1234 అని ఇంటిల్లిపాదికీ తెలుసు కదా. సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూడబోయినా క్రోమ్ అడిగేది విండోస్ తాళమే. అందుకే చెబుతున్నాను, ముందు అకౌంట్లు విడదీయండి, ఆ తర్వాతే బ్రౌజర్ జోలికి వెళ్లండి.

కార్డు నంబర్లు ఇప్పుడు షాపింగ్ సైట్లలో ఉండవు కదా అని మా ఆడపడుచు అడిగింది. నిజమే, 2022 అక్టోబర్ 1 నుంచి మన దేశంలో వ్యాపారులు అసలు నంబర్ దాచుకోకూడదు, దాని బదులు టోకెన్, అంటే అసలు నంబర్ స్థానంలో ఇచ్చే వేరే కోడ్, మాత్రమే పెట్టుకోవాలి. దాంతో సైట్ డేటా దొంగలపాలైనా మన కార్డు నంబర్ పోదు. కానీ ఆ సైట్‌లో మన లాగిన్ తెరిచి ఉన్నప్పుడు, కుర్చీలో కూర్చున్నది మనమా మన పిల్లాడా అనేది టోకెన్‌కి తెలియదు. అది వేరే తాళం, మన సమస్య వేరే తలుపు.

ఓటీపీ విషయంలో చేయాల్సింది చిన్నది. ఫోన్‌లో మెసేజెస్ యాప్ తెరిచి ఏయే కంప్యూటర్లతో జత అయి ఉందో చూసి అన్నీ విడగొట్టాం. ఫోన్ లాక్ అయి ఉన్నా స్క్రీన్ మీద మెసేజ్ మొత్తం కనిపించే నోటిఫికేషన్ కూడా ఆపేశాం, ఎందుకంటే ఆ ఫోన్ ఎప్పుడూ హాల్లో సోఫా మీదే ఉంటుంది.

కంప్యూటర్ కన్నా నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది బ్యాంక్ యాప్. రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మార్పు వల్ల మన కార్డుకి ఆన్‌లైన్ వాడకం, విదేశీ వాడకం విడివిడిగా ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు, రోజుకి ఎంత అని పరిమితీ పెట్టుకోవచ్చు. మా మరిది ఏదో పరీక్ష ఫీజుకోసమని ఒకసారి విదేశీ వాడకం ఆన్ చేయించాడు, అది అలాగే ఉండిపోయింది. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకోగలవు కాబట్టి అది తెరిచి ఉంచడం చాలా ప్రమాదం. ఆపేశాను. ఆన్‌లైన్ పరిమితి 2,000 పెట్టాను, స్కూలు ఫీజు కట్టే రోజు పెంచి మళ్లీ తగ్గిస్తాను. అక్కడే ఆటోమేటిక్‌గా కట్ అయ్యే చందాల జాబితా ఉంటే అదీ చూడండి, మొదటిసారి ఒప్పుకున్నాక 15,000 లోపు వాటికి మామూలుగా మళ్లీ ఓటీపీ అడగరు, ముందురోజు ఒక మెసేజ్ వస్తుంది, దాన్ని ఎవరూ చదవరు. మా జాబితాలో ఎవరూ చూడని ఒక వీడియో యాప్ దొరికింది.

ఇక మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ, అంటే పిల్లల కంప్యూటర్ వాడకాన్ని అమ్మానాన్నలు అదుపులో పెట్టుకునే ఏర్పాటు. బాబుకి మాత్రమే పెట్టాం. వాడికి సొంత మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి, నేను నా అకౌంట్‌లోంచి ఒప్పుకోవాలి. ఏ రోజు ఎన్ని గంటలు, ఏ టైమ్ నుంచి ఏ టైమ్ దాకా అని పెట్టవచ్చు, టైమ్ అయిపోతే వాడు ఇంకొంచెం కావాలని అడుగుతాడు, అది నా ఫోన్‌కి వస్తుంది. ఇది బాగా పనిచేస్తోంది, మా ఇంట్లో "ఇంక లే" అనే అరుపులు తగ్గాయి. వెబ్ ఫిల్టర్ మాత్రం ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, అది ఆన్ చేస్తే మిగతా బ్రౌజర్లని ఆపేస్తుంది, కాబట్టి పిల్లాడు ఎడ్జ్‌కి అలవాటు పడాల్సిందే. డబ్బు విషయానికొస్తే, కొనేముందు అమ్మానాన్నల్ని అడగాలనే ఏర్పాటు ఉంది గానీ అది మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొనేవాటికే. ఏదో వెబ్‌సైట్‌లో కార్డు నంబర్ కొడితే దానికి సంబంధం లేదు. పిల్లల టైమ్ చూడటానికి ఇది మంచి వస్తువు, కార్డు కాపలాకి దీన్ని నమ్ముకోవద్దు. ఇంకో మాట, వారం వారం వాడు ఏం చూశాడో ఈమెయిల్ వస్తుంది. ఆ సంగతి బాబుకి ముందే చెప్పాను, మొదటి ఈమెయిల్ వాడి పక్కన కూర్చునే తెరిచాను. చెప్పకుండా చూడటం నాకు ఇష్టం లేదు.

అత్తయ్య దగ్గరే కొంచెం కష్టమైంది. "మన ఇంట్లో మనకే తాళాలేంటమ్మా" అన్నారు, ముఖం చిన్నబుచ్చుకుని. ఆమెకి పిన్ లేకుండా స్టాండర్డ్ అకౌంట్ చేసిచ్చాను, దాంట్లో డబ్బు సంబంధమైనదేదీ లేదు కాబట్టి నష్టం లేదనుకున్నాను. రెండు వారాలకి తెలిసింది, బాబు తన టైమ్ అయిపోగానే నానమ్మ అకౌంట్‌లోకి వెళ్లి వీడియోలు చూస్తున్నాడని. ఫ్యామిలీ సేఫ్టీ లెక్క వాడి అకౌంట్‌కే కదా. అప్పుడు అత్తయ్యతో కూర్చుని మాట్లాడాను. మీ బీరువాకి తాళం వేస్తారు కదా అత్తయ్యా, మా మీద అనుమానంతో వేస్తారా అని అడిగాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆమే ఒక నంబర్ ఎంచుకున్నారు, ఏమిటో నాకూ చెప్పలేదు. మొదటి వారం గోడ మీద క్యాలెండర్‌లో ఒక మూలన రాసుకున్నారు, తర్వాత ఆ కాగితం చించేశారు. ఇప్పుడు కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అంకె చూసుకుంటూ కొడతారు, స్క్రీన్ తెరుచుకోగానే ఆమె ముఖంలో ఒక వెలుగు. ఆ టేబుల్ మీద తనకంటూ ఒక చోటు ఉందని ఆమెకి ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి.

చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. తెలుగు కీబోర్డ్ ఒక అకౌంట్‌లో పెడితే మిగతావాటికి రాదు, ఎవరికి వాళ్లకి విడిగా పెట్టాలి. మాది 8 జీబీ ర్యామ్, ఒకరు లేచి ఇంకొకరు కూర్చునేటప్పుడు సైన్ అవుట్ చేయకుండా వదిలేస్తే వెనకాల నలుగురివీ నడుస్తూ ఉండి కంప్యూటర్ నత్తలా పాకుతుంది. ఐదు నిమిషాల పనికి లేస్తే విండోస్ బటన్‌తో పాటు ఎల్ నొక్కి లాక్ చేయడం, పని అయిపోతే సైన్ అవుట్, ఇది అందరికీ అలవాటు కావడానికి నెల పట్టింది. మరిది స్నేహితులు వస్తే క్రోమ్‌లో గెస్ట్ మోడ్ తెరిచి ఇస్తాడు, ఆ గెస్ట్ విండో మూయగానే వాళ్ల లాగిన్లు పోతాయి. ఇంకా విండోస్ 10లోనే ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, ఈ తాళాలన్నీ వేసే ముందు ఆ సంగతి చూసుకోవాలి.

మార్కులు వేయమంటే విడి అకౌంట్లకి అయిదుకి అయిదు, బ్యాంక్ యాప్‌లో కార్డు స్విచ్‌లకి అయిదు, క్రోమ్ కార్డు సెట్టింగ్‌లకి నాలుగు, ఫ్యామిలీ సేఫ్టీకి మూడున్నర.

పోయిన శనివారం బాబు నా దగ్గరికి వచ్చి, గేమ్‌లో 399 పెట్టి ఒకటి కొనాలని ఉందమ్మా అన్నాడు. పండక్కి తాతయ్య ఇచ్చిన 500 నోటు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా అకౌంట్ తెరిచి, నా కార్డు నంబర్ కొట్టి, ఓటీపీ నా ఫోన్‌లో చూసి వాడికి చదివాను. వాడే టైప్ చేశాడు. మిగిలిన 101 వెనక్కి ఇచ్చాను, లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు.